ముప్పయ్యేడో మార్పు

కిర్రు, కిర్రు, కిర్రు. ఆగింది. మళ్ళీ కిర్రు, కిర్రు, కిర్రు. మూసిన తలుపు వెనుక ఏదో ఇనుప పురుగు కాగితాన్ని కొరుకుతున్నట్టు, కొరికిన ప్రతి ముక్కనూ నెమ్మదిగా నమిలి మింగుతున్నట్టు, ఆ చప్పుడు వరండాలోకి వచ్చి ఇస్మాయిల్ చెవిని తాకింది. వంగి బూట్ల లేసులు విప్పుతూ అతడు ఆ లయను విన్నాడు. కంటికి ఏదీ కనబడకముందే ఒక్క సంగతి తెలిసిపోయింది. తాను అడిగిన కాగితం అచ్చవుతున్నది. దాన్ని ఎవరూ ఆపలేకపోయారు.

"మేజోళ్ళు గూడ తీయుండ్రి సార్," అన్నాడు పక్కనే నిలబడ్డ సుధాకర్. "దుమ్ము వోతే మిషన్ కరాబైతదంటది మా చెల్లె. నన్నైతే లోపలికి రానియ్యరు. సర్కిల్ సాబ్ హుకుం."

"నువ్వు గీ కిటికీ అద్దం కాడనే ఉండు. ఎటూ పోకు."

"యాడికి పోత సార్. దాన్ని ఇడ్సిపెట్టి యాడికి పోత."

సుధాకర్ తాండూరు శివారులోని శిలాజ్యోతి సిమెంట్ ఫ్యాక్టరీలో మందుగుండు గోదాం గుమాస్తా. మూడు రోజుల కిందట వికారాబాద్ వచ్చి, ఇస్మాయిల్ డిటెక్టివ్ ఆఫీసు మెట్ల మీద తెల్లవారే దాకా కూర్చొని, తలుపు తీయగానే ఒక్కటే మాట అన్నాడు: "నా చెల్లెను ఖూనీ కేసుల ఇరికిస్తున్నరు." ఆ చెల్లెలు రాహేలు. ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో ఆపరేటరు. ఇరవై రెండేళ్ళ పిల్ల.

ఇస్మాయిల్ తలుపు తోసుకొని లోపలికి పోయాడు.

చల్లని గది. ఆకుపచ్చ అక్షరాల తెరలు రెండు, వాటి పక్కన పెద్ద యంత్రం. ప్రింటరు ముందు రాహేలు నిలబడి ఉన్నది. ఆమె వెనుక కుర్చీలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చంద్రశేఖర్. అతని బూట్లు అతని కాళ్ళకే ఉన్నాయి.

"రావయ్యా హెడ్ కానిస్టేబుల్," అన్నాడు చంద్రశేఖర్, ఇస్మాయిల్ ఆ కొలువు వదిలి ఏడేళ్ళయిందని తెలిసీ. "పన్నెండింటికి ఈ పిల్లను జీపెక్కించి కోర్టుకు తోల్కపోత. నీకు యాభై నిమిషాలున్నయి. ఉత్తి కాళ్ళతో ఏం డిటెక్షన్ చేస్తవో చెయ్యి."

"యాభై మస్తు," అన్నాడు ఇస్మాయిల్. "శుక్రవారం చచ్చినాయనకు ఒక్క నిమిషం గూడ దొరకలేదు."

చంద్రశేఖర్ గడియారం చూసుకున్నాడు.

శుక్రవారం, మార్చి పదమూడు, 1987. ఫ్యాక్టరీ గనిలో ఉదయం పదకొండు ఇరవైకి మందు పేలింది. రాళ్ళ గోడకు మందు కూరుస్తున్న బ్లాస్టర్ హన్మయ్య ఇంకా అక్కడి నుంచి ఇవతలికి రాకముందే పేలింది. అతని దేహాన్ని మోయడానికి ఒక దుప్పటి సరిపోయింది.

అట్లా జరగడానికి వీలులేదు. రెండేళ్ళుగా ఆ గనిలో ఒక నియమం నడుస్తున్నది. సేఫ్టీ ఆఫీసరు నర్సింహులు గని ఖాళీ అయిందని చూసి అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి వేళను కంప్యూటర్ పట్టికలో దానికంటూ ఉన్న ఒక కాలమ్‌లో నింపాలి. ఆ కాలమ్ నిండితేనే గోదాంలో స్లిప్పు అచ్చవుతుంది. ఆ స్లిప్పు చేతికి వస్తేనే అర ఫర్లాంగు దూరాన మీట దగ్గర కూర్చున్న బీరన్న మీట నొక్కుతాడు. శుక్రవారం నర్సింహులు అనుమతి ఇవ్వలేదు. పది నుంచి పన్నెండు దాకా మేనేజరు మీటింగులో ఆరుగురి నడుమ ఉన్నాడు. అయినా స్లిప్పు అచ్చయింది. గోదాం కిటికీలో పెట్టి ఉంటే బీరన్న తీసుకున్నాడు; పెట్టిన మనిషిని చూడలేదు. బీరన్న మీట నొక్కాడు. తరువాత చూస్తే పట్టికలో ఆ కాలమ్ అన్నదే లేదు. ఎవరో దాన్ని పట్టిక నిర్మాణంలోంచే పెరికివేశారు.

"పెరికింది ఎవరో మిషనే చెప్పింది," అన్నాడు చంద్రశేఖర్, జేబులోంచి ఒక చిన్న కాగితం ముక్క తీసి. "ముప్పయ్యేడో మార్పు. పదకొండు నలభై రెండు. కోడ్ రాహేలుది. పేలినంక ఇరవై రెండు నిమిషాలకు సాక్ష్యం తుడిచేసింది. చదువుకున్న పిల్ల, ఎంత సాఫ్‌గ చేసిందో సూడు."

"పేలినంక తుడిస్తే, పేలకముందు స్లిప్పెట్ల వచ్చింది సర్కిల్ సాబ్? కాలమ్ ఉన్నంత సేపు స్లిప్పు రాదు గద."

"దొంగ స్లిప్పు."

"ఫ్యాక్టరీ మిషన్ల అచ్చయిన దొంగ స్లిప్పు," అన్నాడు ఇస్మాయిల్. అతడు రాహేలు వైపు తిరిగాడు. "బిడ్డా, నాకు పొలం తెలుసు, పోలీస్ స్టేషన్ తెలుసు. గీ మిషన్ తెలువది. చిన్న పోరనికి చెప్పినట్టు చెప్పు. పట్టికల మార్పు చెయ్యాలంటే ఎట్ల?"

రాహేలు తల ఎత్తలేదు. గొంతు మాత్రం వణకలేదు. పని గురించి అడిగితే పనిమంతురాలి గొంతు తానే నిటారుగా నిలుచుంటుంది.

"నల్ల తెర మీద ఆర్డర్ కొట్టాలె సార్. ఏ కాలమ్ తీయాలె, ఏది వెట్టాలె అని. ఎందుకో కారణం గూడ కొట్టాలె. కారణం లేంది మిషన్ ఒప్పుకోదు."

"కొడితే ఎంబడే పక్కానా?"

"కాదు. అది కచ్చా. పలక మీద బల్పంతోటి రాసినట్టు. కమిట్ అని కొడితే రిజిస్టర్ల సిరాతోటి రాసినట్టు పక్కా అయితది, నంబర్ వడ్తది. రద్దు అని కొడితే పలక తుడిసినట్టే. నిశాని గూడ ఉండదు."

"కచ్చాగ ఉన్నప్పుడు ఆ మార్పు పని చేస్తదా?"

"కొట్టినోళ్ళ తెర మీద, అంటే వాళ్ళ టెర్మినల్‌ల, చేస్తది. వాళ్ళకు కాలమ్ లేనట్టే. తక్కిన టెర్మినళ్ళకు ఉన్నట్టే."

"అంటే," అన్నాడు ఇస్మాయిల్, ఒక్కొక్క మాటను రాయిలా పేర్చుతూ, "ఒక మనిషి కాలమ్ తీస్తడు. తన టెర్మినల్ నుంచి స్లిప్పు అచ్చేస్తడు. మనిషి సచ్చినంక రద్దు కొడ్తడు. కాలమ్ మళ్ళ వస్తది. దాంట్ల అనుమతి వేళ ఖాళీ. చూసినోళ్ళు ఏమంటరు?"

జవాబు చంద్రశేఖర్ నోట వచ్చింది, తెలియకుండానే. "అనుమతి లేకుంటనే పేల్పిచ్చుకున్నడు, తన సావు తానే తెచ్చుకున్నడు అంటరు."

"శుక్రియా సాబ్. గదే అనాలని ఎవరో కోరుకున్నరు."

ప్రింటరు ఆగింది. రాహేలు కాగితాన్ని మడతల వెంట చింపి అతని చేతికిచ్చింది. కంప్యూటర్ పెట్టిన నాటి నుంచి జరిగిన నిర్మాణ మార్పులన్నీ అందులో ఉన్నాయి. చంద్రశేఖర్ చేతిలోని ముక్క దానికి సంక్షేపం. నంబరు, పక్కా అయిన వేళ, కోడ్, అంతే. ఇస్మాయిల్ నిన్న ఫోనులో అడిగింది పూర్తి జాబితా. అతడు వేలితో వరుసలు దిగుతూ ముప్పయ్యేడు దగ్గర ఆగాడు.

కచ్చా రాసిన వేళ: పది యాభై. పక్కా అయిన వేళ: పదకొండు నలభై రెండు. టెర్మినల్: నాలుగు.

"పేలకముందు ముప్పై నిమిషాలు," అన్నాడు ఇస్మాయిల్. "ఇది తుడుసుడు కాదు సాబ్. ముహూర్తం పెట్టుకున్న ఖూనీ."

చంద్రశేఖర్ లేచి వచ్చి కాగితం చూశాడు. వెనక్కి మాత్రం తగ్గలేదు. "అయితే ఇంకా మంచిదే. కోడ్ మారలేదు గద. రాహేలే."

"టెర్మినల్ నాలుగు యాడున్నది బిడ్డా?"

"మందుగుండు గోదాంల."

ఇస్మాయిల్ తలుపు పక్కన దారానికి వేలాడుతున్న రిజిస్టరు తెరిచాడు. లోపలికి వచ్చే ప్రతి మనిషీ వేళ రాసి సంతకం పెట్టాలి. శుక్రవారం: రాహేలు, లోపలికి ఎనిమిది యాభై అయిదు, బయటికి పన్నెండు పది. నడుమ కాఫీ తెచ్చిన ఇంద్రమ్మ మూడు సార్లు వేలిముద్ర వేసింది. మూడు సార్లూ రాహేలు ఇక్కడే ఉన్నదని ఆమె నిన్ననే ఇస్మాయిల్‌కు చెప్పింది. గోదాం ఇక్కడికి కిలోమీటరు దూరం.

"మరి నీ కోడ్ ఆడికెట్ల వోయింది?"

"పొద్దుగాల ఎవరు ముందొస్తే వాళ్ళ కోడ్ తోటే నాలుగు టెర్మినళ్ళు ఈడికెంచి తెరుస్తం సార్. ఒక్కోటి తెరుసుకోనీకె పావుగంట వడ్తది. ఎవరి కోడ్ వాళ్ళు కొట్టుకుంట కూసుంటే గనిల లారీలన్ని నిలవడ్తయి. తప్పే. గాని అందరు గట్లనే చేస్తరు."

"రోజూ నువ్వే ముందొస్తవా?"

"రోజూ నేనే."

"పనిమంతులకే ఉరితాడు," అన్నాడు ఇస్మాయిల్. "గా సంగతి గోదాంల అందరికి తెలుసు. సరే. రద్దు కొట్టాల్సినోడు రద్దు కొట్టలేదు. పదకొండు నలభై రెండుకు అది పక్కా అయింది. ఎట్ల?"

"కరెంటు వోయింది. బ్యాటరీ ఏడు నిమిషాలే ఆగుతది. ఆ లోపల నాలుగు టెర్మినళ్ళకు ఈడికెంచే ఎగ్జిట్ కొట్టి మిషన్ బందు వెట్టాలె. అదే రూలు. ఎగ్జిట్ కొడితే కచ్చావన్ని పక్కా అయితయి. గా టెర్మినల్ల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది సార్."

బ్యాటరీ గది పుస్తకంలో కరెంటు పోయిన వేళ పదకొండు ముప్పై తొమ్మిది అని ఉన్నది. ఇస్మాయిల్ ఆ పేజీని చంద్రశేఖర్ ముందు తెరిచి పెట్టాడు. హంతకుడు పలక మీద రాశాడు, తుడిచివేద్దామనుకున్నాడు. పేలుడు తరువాత గోదాం ముందు జనం, ఏడుపులు, పరుగులు. తెర ముందుకు తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ లోగా కరెంటు పోయింది. ఒక నిజాయితీ గల ఆడపిల్ల తన పని తాను చేసింది. బల్పం గీత సిరా గీత అయింది.

"కథ మంచిగున్నది," అన్నాడు చంద్రశేఖర్. "గాని జడ్జి సాబ్ దృష్టిల కంప్యూటర్ అంటే మాట్లాడని రేడియో. ఆయనకు కోడ్ అర్థమైతది, కారణం అర్థమైతది. కారణం నా దగ్గరున్నది. ఈ పిల్ల ఎవరి బిడ్డనో తెలుసా నీకు? దేవదానం బిడ్డ. డెబ్బై తొమ్మిదిల నాపరాళ్ళ గనిల సచ్చిండు సూడు, ఆ దేవదానం. ఆనాడు కేకెయ్యకుంట మందు పేల్చింది ఎవరు? ఇదే హన్మయ్య. ఎనిమిదేండ్ల పగ."

ఇస్మాయిల్ కాగితం వైపు చూస్తున్నాడు. ముప్పయ్యేడో మార్పు కింద ఇంకొక పంక్తి ఉన్నది. కారణం. ఇంగ్లీషు అక్షరాలలో రెండు తెలుగు మాటలు.

మృతుని అజాగ్రత్త.

పది యాభైకి రాసిన మాట. మృతుడు అప్పటికి బతికే ఉన్నాడు.

ఇస్మాయిల్ వేలు ఆ పంక్తి మీద చాలా సేపు ఆగింది. ఆ మాటలు అతనికి కొత్త కావు. డెబ్బై తొమ్మిదిలో దేవదానం చావు మీద విచారణ నడిచినప్పుడు పంచనామా రాసిన చెయ్యి అతనిది. చెప్పి రాయించిన నోరు ఇదే చంద్రశేఖర్‌ది, ఆనాటి ఎస్సై. హన్మయ్యను ముట్టుకుంటే గని యజమానిని ముట్టుకోవాలి. అందుకని చచ్చినవాడిని ముట్టుకున్నారు. 'మృతుని అజాగ్రత్త' అని ఇస్మాయిల్ గుండ్రని అక్షరాలతో రాశాడు. ఆ కాగితం నకలు ఒకటి దేవదానం ఇంటికి పోయింది. ఏడాది తరువాత అతడు కొలువు మానేశాడు; రాసిన మాట మాత్రం మానలేదు. ఎనిమిదేళ్ళు ఆ గుడిసెలో ఎవరో దాన్ని చదివారు, చదివారు, చదివి చదివి కంఠంలో విషంలా నిలుపుకున్నారు. మిషన్ కారణం అడిగిన నిమిషాన కక్కారు. ఎట్లాగూ తుడుచుకుపోయే మాటే కదా అనుకున్నారు.

"చదువుండ్రి సాబ్," అన్నాడు. "మీ మాటనే. నా రాతనే."

చంద్రశేఖర్ చదివాడు. "నేనన్నదే గిది. దేవదానం బిడ్డ రాసింది."

"దేవదానానికి ఎందరు పిల్లలో ఆనాడు గూడ మీరు అడగలేదు," అన్నాడు ఇస్మాయిల్ మెల్లగా. "గోదాం తాళాలు ముగ్గురి దగ్గరున్నయి. నర్సింహులు మీటింగుల ఉండె. హన్మయ్య రాళ్ళ కాడ ఉండె."

మూడో పేరు అతడు అనలేదు. అద్దం వైపు తిరగలేదు కూడా. వికారాబాద్‌లో ఇంకా ఇద్దరు డిటెక్టివులు ఉండగా తన మెట్ల మీదికే ఆ మనిషి ఎందుకు వచ్చాడో ఇప్పుడు అర్థమైంది. రాసిన చేతితోనే తుడిపించాలని వచ్చాడు. అదీ ఒక పగే.

"పేరు చెప్పవేందయ్యా," అన్నాడు చంద్రశేఖర్.

"నేను చెప్తే అనుమానం అయితది. చూసినోళ్ళు చెప్తే సాక్ష్యం అయితది. బిడ్డా, కరెంటు వోయినంక నీ దగ్గరికి ఎవరన్న ఉరికొచ్చిండ్రా? నా టెర్మినల్‌కు గూడ ఎగ్జిట్ కొట్టినవా అని అడిగిండ్రా? ఆ టెర్మినల్ల ఏమున్నదో తెలిసినోడే గట్ల అడుగుతడు."

రాహేలు రెండు చేతులూ ప్రింటరు అంచున పెట్టి గట్టిగా పట్టుకున్నది. "ఎవరు రాలేదు."

"రిజిస్టర్ల రాయలేదు. వచ్చింది నిజం. గుమ్మం కాడనే నిలవడి అడిగిండు, అవునా?"

"ఎవరు రాలేదు సార్. నేనే రాసిన. నన్నే తోల్కపోనియ్యుండ్రి."

"ఒప్పుకున్నది," అన్నాడు చంద్రశేఖర్, టోపీ అందుకుంటూ.

అప్పుడు తలుపు తెరుచుకున్నది. హన్మయ్య భార్య శాంతవ్వ వచ్చింది. నాలుగు రోజులుగా వరండాలో కూర్చొని ఉన్నది ఆమె. మేనేజరు పంపిన కాగితాల మీద వేలిముద్ర వేయలేదు, వాచ్‌మన్ ఇచ్చిన చాయ తాగలేదు. చీర కొంగు నడుముకు బిగించి ఉన్నది. ఆమె ఎవరి వైపూ చూడకుండా సరాసరి రాహేలు ముందుకు పోయి నిలబడింది.

"గీ పోలీసాయన నువ్వే అంటున్నడు. నువ్వేనా?"

"నేనే అనుకో అవ్వా."

"అనుకునుడేంది? సచ్చింది నా మొగడు. అనుకుంట కూసోనీకె రాలే నేను. నాకు పైసలొద్దు, నౌకరొద్దు. మా ఆయన తప్పు జేసి తానే సచ్చిండని తాండూరంత అంటున్నది. ఎవడు గట్ల అనిపిచ్చిండో ఆని పేరు గావాలె. పేరు దొర్కినంక ఆని సంగతి నేను సూస్కుంట. జైలయినా ఫికర్ లేదు."

"మా నాయినను గట్లనే అన్నరు అవ్వా," అన్నది రాహేలు. ఎనిమిదేళ్ళ పగ ఆమె కళ్ళలోనూ ఒక్కసారి భగ్గుమన్నది. "ఎనిమిదేండ్లు అన్నరు. మేము ఇన్నం."

"తెలుసు," అన్నది శాంతవ్వ. "మా ఆయన గూడ ఇన్నడు. మీ నాయిన సచ్చినకాడికెంచి రాత్రి నిద్ర ఎరుగడు. కాలమ్ వెట్టుండ్రి, ఆఫీసర్ సూడకుంట మీట నొక్కనియ్యకుండ్రి అని ఈ ఫ్యాక్టరీ మేనేజర్ కాళ్ళు వట్టుకున్నది ఎవరనుకున్నవు?"

ఇస్మాయిల్ కాగితం పైకి తిప్పాడు. తొమ్మిదో మార్పు. 1985. అనుమతి వేళ కాలమ్ చేర్చడం. కారణం: బ్లాస్టర్ హన్మయ్య విన్నపం, దేవదానం వలె మరొకరు చావకూడదు. కోడ్ రాహేలుది. అతడు ఆ వరుసను ఆమె ముందు పెట్టాడు.

"ఇది నువ్వు కొట్టిన మాట."

"నేనే కొట్టిన. ఆయన వచ్చి నా ముంగట నిలవడి చెప్పిండు. నేను తల ఎత్తలే. కొట్టిన. ఇంటికి వోయి చెప్పలే. మా ఇంట్ల ఆయన పేరు ఎత్తేది లేదు. ఎత్తితే కంచం ఇసిరి కొడ్తడు."

"ఎవరు?" అన్నది శాంతవ్వ.

రాహేలు కాగితాన్ని మడవసాగింది.

"నువ్వు చెప్పి ఉంటే," అన్నాడు ఇస్మాయిల్, కఠినంగా కాదు, కాని కనికరం లేకుండా, "ఆ మనిషి ఈ కాలమ్ మీద చెయ్యి వెడ్తుండెనా? ఇయ్యాల గూడ చెప్పకుంటే నువ్వు జైలుకు పోతవు. హన్మయ్య పేరు మీద అబద్ధం నిలవడ్తది. మీ నాయిన పేరు మీద నిలవడ్డట్టే. ఒకసారి నేను రాసిన. రెండోసారి నువ్వు రాస్తవా?"

పన్నెండు కావడానికి అయిదు నిమిషాలున్నాయి. చంద్రశేఖర్ టోపీ చేతిలో పట్టుకొని నిలబడిపోయాడు. ఆ గదిలో అతని మాటకు ఇప్పుడు చోటు లేదు. అద్దానికి అవతల ఒక మనిషి అరచేయి అద్దం మీద ఆనించి లోపలికి చూస్తున్నాడు. లోపలి మాటలు అతనికి వినబడవు. చెల్లెలి ముఖం మాత్రం కనబడుతున్నది.

రాహేలు ఆ చేయి వైపు చూసింది. చూపు తిప్పుకోలేదు.

"కరెంటు వోయినంక పది నిమిషాలకు ఉరికొచ్చిండు," అన్నది. "గుమ్మం కాడ రొప్పుకుంట నిలవడి, నాలుగోదానికి గూడ కొట్టినవా రాహేలూ అన్నడు. కొట్టిన అన్న. గోడకు ఒరిగి కూలవడ్డడు. నేను నీళ్ళిచ్చిన."

"ఎవరు బిడ్డా?" అన్నది శాంతవ్వ. ఆ పిలుపులో పగ ఉన్నది, ఎక్కడో అడుగున జాలి కూడా ఉన్నది. రెండూ ఒకదానినొకటి ఒప్పుకోలేదు.

"మా అన్న."

"పేరు."

రాహేలు కళ్ళు మూసుకోలేదు.

"సుధాకర్."